పక్క మిద్దెకు తెలిసిన జబ్బు

కర్నూలులో ఏప్రిల్ వచ్చిందంటే మా వీధిలో సగం మంది మిద్దెల మీదే పడుకుంటారు. రెండేళ్ల కిందట అలాంటి ఒక తెల్లవారుజామున నేను చాప చుట్టుకుంటుంటే, పక్క మిద్దె పెద్దాయన పిట్టగోడ మీద చేతులు ఆనించి పలకరించాడు. "ఏమప్పా, రాత్రంతా రైసుమిల్లు ఆడిస్తివి! నడుమ నడుమ కరెంటు పోయినట్టు ఆగిపోతాది, మళ్లా ఎత్తుకుంటాది. ఏం కత?"

నేను నవ్వేశాను. మా ఆవిడ నవ్వలేదు. దిండ్లు ఎత్తుకుంటూ, "గుర్రుకు నేనెప్పుడో అలవాటు పడ్డాను. ఆగిపోతుంది చూడండి, దానికే నా భయం. మళ్లీ ఊపిరి అందుకునేదాకా వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటా" అంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, చిన్నోడు టెన్త్‌లో ఉన్నప్పటి నుంచి అంది. వాడప్పటికి ఇంజనీరింగ్ మూడో ఏడు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నిద్ర తన కష్టం కూడా ఎరగదు. నాకున్నది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అని తేలడానికి ఆ రోజు తర్వాత ఇంకో ఏడు నెలలు పట్టింది. జబ్బున్న మనిషే దానికి సాక్షి కాకపోవడం ఈ జబ్బులోని అసలు చిక్కు. పక్క మిద్దెకు తెలుసు, ఇంట్లో వాళ్లకు తెలుసు. నాకు మాత్రం 'తల ఆనిస్తే చాలు నిద్ర పట్టేస్తుంది, నాకేం రోగం' అనే ధీమా. మన మాటలూ అలాగే ఉన్నాయి మరి. 'గుర్రు పెట్టి పడుకున్నాడు' అంటే హాయిగా నిద్రపోయాడనే కదా మనకు అర్థం.

నేను డాక్యుమెంట్ రైటర్‌ని. అమ్మకం, గిఫ్టు, భాగపరిష్కారం దస్తావేజులు రాసుకుని బతుకుతున్నాను. ఒక మధ్యాహ్నం రెండున్నరకు ఎకరా నలభై సెంట్ల పొలానికి చెక్కుబందీ టైపు చేస్తూ తూర్పు హద్దు రెండుసార్లు కొట్టి, పడమర వదిలేశాను. చదివి వినిపిస్తుంటే అమ్మే రైతు, "ఏం సామీ, పడమట నాకు హద్దే లేదా?" అన్నాడు. తప్పులు అందరికీ దొర్లుతాయి. కానీ ఆ రెండు లైన్లు టైపు చేసినట్టే నాకు గుర్తు లేదు. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషిని మాత్రం నిద్రలో ఉన్నాను. హద్దు తప్పితే దిద్దుకోవచ్చు. అదే కునుకు హైవే మీద, గుత్తి దాటాక స్టీరింగ్ పట్టుకుని ఉన్నప్పుడు వస్తే? చికిత్స లేని ఆప్నియా ఉన్నవాళ్లు డ్రైవింగ్‌లో ప్రమాదానికి గురయ్యే అవకాశం మామూలు వాళ్ల కంటే రెండింతలకు పైనే అని పరిశోధనలు చెబుతున్నాయి. యూరోపియన్ యూనియన్ అయితే 2014లో లైసెన్సు నిబంధనల్లోకే ఈ జబ్బును తెచ్చింది.

గొంతులో ఏం జరుగుతుందన్నది మోటారు ఉన్న రైతుకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. బావిలోంచి నీళ్లు లాగే సక్షన్ పైపు గట్టిదై ఉండాలి. అక్కడ చుట్ట చుట్టుకునే మెత్తటి ప్లాస్టిక్ పైపు కడితే, మోటారు వేసీ వేయగానే లోపలి గోడలు అతుక్కుపోతాయి. అదే మెత్తటి పైపును డెలివరీ వైపు కడితే నీళ్ల ఒత్తిడికి గుండ్రంగా ఉబ్బి చక్కగా పనిచేస్తుంది. మన శ్వాస దారిలో ముక్కుకు ఎముక ఉంది, ఊపిరితిత్తుల్లోకి దిగే గొట్టానికి గట్టి రింగులు ఉన్నాయి. మధ్యలో నాలుక వెనకాల జానెడు కూడా లేని గొంతు భాగం మాత్రం వట్టి కండరమే. మింగాలి, మాట్లాడాలి, అందుకని అది మెత్తగా ఉండక తప్పదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడు ఆ కండరాలను బిగించి పెడుతుంది. నిద్రలో పట్టు సడలుతుంది, నాలుక వెనక్కి జారుతుంది, ఊపిరి లాగిన ప్రతిసారీ ఆ మెత్తటి పైపు సన్నబడుతుంది. సన్నబడ్డ దారిలో గాలి అదిరితే గురక. పూర్తిగా మూసుకుపోతే పెద్దాయన చెప్పిన 'కరెంటు పోవడం'.

అలా కనీసం 10 సెకన్లు గాలి ఆగిపోతే దాన్ని ఆప్నియా అంటారు. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గిపోయి, దానితో రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా, నిద్ర చెదిరినా అది హైపాప్నియా. రెండింటిలోనూ చాలాసార్లు చివరికి మెదడు ఉలిక్కిపడి కొన్ని సెకన్లు మేల్కొంటుంది, గొంతు బిగుస్తుంది, పెద్ద శబ్దంతో ఊపిరి అందుతుంది, వెంటనే మళ్లీ నిద్ర. అంత కొద్దిసేపు మెలకువ ఉదయానికి గుర్తుండదు. వెల్లకిలా పడుకుంటే ఇది ఎక్కువ. కలలు వచ్చే నిద్రలో కండరాలు మరీ వదులవుతాయి, ఆ నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. మా ఆవిడ వేళ్లు లెక్కపెట్టింది కూడా ఎక్కువగా మూడు, నాలుగు గంటలప్పుడేనట.

(గొంతు తెరిచే ఉండి, ఊపిరి తీసుకొమ్మని మెదడే చెప్పడం మానేసే ఇంకో రకం ఉంది. దాన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. గుండె బలహీనపడ్డ వాళ్లలో, నల్లమందు జాతి నొప్పి మందులు వాడేవాళ్లలో కనిపిస్తుంది. దాని దారి వేరు, ఇక్కడ దాన్ని కలపను.)

నన్ను తప్పుదారి పట్టించినవి రెండున్నాయి. మొదటిది ఒంటేలు. రాత్రికి నాలుగుసార్లు లేచేవాణ్ణి. షుగరనుకున్నాను, పరీక్షలో లేదని వచ్చింది. ప్రోస్టేట్ అనుకున్నాను, అదీ కాదన్నారు. జరిగేది వేరు. మూసుకుపోయిన గొంతుతో ఊపిరి లాగడానికి ఛాతీ గింజుకుంటుంటే లోపల ఒత్తిడి పడిపోతుంది, గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైంది కాబోలు అని గుండె పొరపడి, మూత్రం పెంచే హార్మోన్‌ను వదులుతుంది. అంటే లేపుతున్నది మూత్రాశయం కాదు, గొంతు. రెండోది బీపీ. మూడు రకాల మాత్రలు మింగినా దిగేది కాదు. రాత్రి ఊపిరి ఆగిన ప్రతిసారీ ఒళ్లు పులిని చూసినట్టు అడ్రినలిన్ దింపుతుంటే, పగటి మాత్ర ఎంతకని లాగుతుంది? మాత్రలకు లొంగని బీపీ ఉన్నవాళ్లను గురక గురించి అడగాలన్నది డాక్టర్లకు తెలిసిన సంగతే. నన్ను ఏడు నెలలు ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. గురక కూడా డాక్టరుకు చెప్పుకునే సంగతేనా అనుకున్నాను.

అడిగింది చివరికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ. అదీ దగ్గు కోసం వెళితే. కెనడాలోని టొరంటోలో 2008లో తయారైన ఎనిమిది ప్రశ్నల జాబితా ఒకటి ఉంది. పెద్దగా గురక వస్తుందా, పగలు అలసటా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, లావా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవాడా. మూడింటికి అవునంటే అనుమానించాలి, ఐదు, అంతకు మించి వస్తే గట్టిగా అనుమానించాలి. నాకు ఆరు వచ్చాయి. మెడ కొలత కోసం డాక్టరమ్మ టేపు వెతుకుతుంటే, "17 కాలరు మేడం" అన్నాను. 40 సెంటీమీటర్లంటే దాదాపు 16 అంగుళాల కాలరు. నాలుగేళ్లుగా నా కాలరు పెంచుతూ వచ్చిన టైలరు కూడా ఒక సాక్షేనన్నమాట.

ఆ జాబితాలో లావు అంటే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత అన్న లెక్క) 35 పైన. మన దేశంలో 25కే ఊబకాయం అంటాం, ఎందుకంటే మన ఒళ్లు తక్కువ బరువుకే దెబ్బతింటుంది. పైగా దవడ చిన్నదైతే, వెనక్కి ఉంటే, సన్నటి మనిషికీ గొంతు మూసుకుపోతుంది. 'బక్కోడికి గురకేంది' అని తీసిపారేయకూడదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2023లో లెక్క తీస్తే పెద్దవాళ్లలో సుమారు 11 శాతం మందికి ఈ జబ్బు ఉందని తేలింది. 10 కోట్లు దాటే సంఖ్య అది. వీళ్లలో పరీక్ష గడప తొక్కేవాళ్లు చాలా కొద్దిమంది.

పరీక్షను స్లీప్ స్టడీ అంటారు. తలకు నూనె పెట్టుకోకుండా రమ్మన్నారు. నూనె తల మీద తీగలు అతకవు. టెక్నీషియన్ కుర్రాడు నెత్తి మీద పేస్టు రాసి తీగలు, కళ్ల పక్కన రెండు, గడ్డం కింద, కాళ్లకు, ఛాతీకి, పొట్టకు బెల్టులు, ముక్కులో సన్న గొట్టం, వేలికి క్లిప్పు, ఇవన్నీ తగిలించి, "ఇంగ హాయిగా పండుకో అన్నా" అన్నాడు. హాయిగా! ఈ అవతారంలో నిద్రేం పడుతుందనుకున్నాను. పది నిమిషాల్లో గుర్రు పెట్టానట. ఇంట్లోనే పడుకుని చేసుకునే చిన్న పరీక్ష కూడా ఉంది. దాంట్లో ముక్కు గొట్టం, ఒక బెల్టు, వేలి క్లిప్పు, అంతే. లక్షణాలు గట్టిగా ఉండి వేరే గుండె, ఊపిరితిత్తుల జబ్బులు లేనివాళ్లకు అది సరిపోతుంది.

ఇక రిపోర్టు. జనం బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాసేపు ఆగుతాను. కాగితం చదవడం నా వృత్తి కూడాను.

అందరూ చూసే అంకె ఏహెచ్ఐ. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అన్న లెక్క. 5 లోపు మామూలు, 5 నుంచి 15 తక్కువ, 15 నుంచి 30 మధ్యస్థం, 30 పైన తీవ్రం. నాకు 38. ఆరు గంటలు నిద్రపోయాను, 228 సార్లు ఊపిరి చెదిరింది. 228ని 6తో భాగిస్తే 38. బాగానే ఉంది. ఇప్పుడు ఇదే రాత్రి ఇంట్లో చేసే పరీక్ష పెట్టుకున్నానని అనుకోండి. దానికి తల మీద తీగలుండవు, నేను ఎప్పుడు నిద్రపోయానో దానికి తెలియదు. మిషన్ నడిచిన ఎనిమిది గంటలతో భాగిస్తుంది. అప్పుడు 28.5. అదే మనిషి, అదే గొంతు, ఒక కాగితం 'తీవ్రం' అంటుంది, ఇంకో కాగితం 'మధ్యస్థం' అంటుంది. నిద్ర చెదిరినా ఆక్సిజన్ పడని హైపాప్నియాలను ఇంటి పరీక్ష అసలు పట్టుకోలేదు కూడా. అందుకే ఇంటి పరీక్షలో 'లేదు' అని వచ్చినా, పగటి మత్తు వదలకపోతే ఆసుపత్రి పరీక్ష చేయించమంటారు. కొలిచే సర్వే గొలుసు మారితే పొలం విస్తీర్ణం మారినట్టే ఇదీ. ఏ గొలుసుతో కొలిచారో ముందు అడగాలి.

ఏహెచ్ఐ చెప్పని సంగతులూ ఉన్నాయి. 12 సెకన్ల ఆగడమూ ఒకటే, 62 సెకన్ల ఆగడమూ ఒకటే దాని లెక్కలో. నా కాగితంలో అతి పొడవైనది 62 సెకన్లు. దాని కింద ఇంకో లైను: ఆక్సిజన్ కనిష్ఠం 74 శాతం. కరోనా రోజుల్లో వేలికి క్లిప్పు పెట్టుకుని 94 కిందికి పడితే వణికిపోయిన వాళ్లం మనం. నేను 74 చూస్తూ ఎన్నేళ్లు నిద్రపోయానో. 90 శాతం కింద ఎన్ని నిమిషాలు గడిపాడు అన్న లైను, వెల్లకిలా ఎంత, పక్కకు తిరిగి ఎంత అన్న లైను కూడా చూడండి. కొందరికి వెల్లకిలా పడుకున్నప్పుడే 40, పక్కకు తిరిగితే 6 ఉంటుంది. వాళ్లకు వీపు వెనక దిండు కట్టుకోవడమే సగం వైద్యం.

నాలాంటి వాళ్లకు మొదట చెప్పేది సీపాప్, అంటే నిద్రలో మాస్కు ద్వారా గాలి ఊదుతూ గొంతును తెరిచి ఉంచే మిషన్. దీని కథ 1980 నాటిది. అప్పటిదాకా తీవ్రమైన ఆప్నియాకు గట్టి వైద్యం అంటే మెడ ముందు భాగంలో రంధ్రం చేయడమే. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు, ఆ రంధ్రం వద్దన్న రోగి ముక్కుకు మాస్కు అతికించి, గాలి ఊదే మోటారు తగిలించి రాత్రంతా పడుకోబెట్టాడు. గొంతు మూసుకోలేదు. 1981లో ఐదుగురు రోగుల అనుభవాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించాడు. తొలి రోజుల మిషన్లలో వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్లు వాడారు, మాస్కును రోజూ జిగురుతో ముఖానికి అంటించేవారు. మన పైపు లెక్కలో చెప్పాలంటే, సక్షన్ వైపున్న మెత్తటి గొంతును సల్లివన్ డెలివరీ వైపుకు మార్చాడు.

ఇందులో ఆక్సిజన్ లేదు. గదిలో గాలే, కాస్త ఒత్తిడితో వస్తుంది. ఒత్తిడిని నీళ్ల సెంటీమీటర్లలో కొలుస్తారు, 4 నుంచి 20 దాకా. చెంబు నీళ్లలో స్ట్రాను 10 సెంటీమీటర్లు ముంచి బుడగలు వచ్చేలా ఊది చూడండి. 10 అంటే అంతే. ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పలేక నేను పడ్డ పాట్లు చాలా ఉన్నాయి. మిషన్ ఇంటికి వచ్చిన మూడో రోజుకే బంధువుల్లో 'ఆయనకు ఆక్సిజన్ పెట్టినారంట' అని పాకింది. మా పిన్నమ్మ ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చేసింది, యాపిల్ పండ్లతో. నేను ఆఫీసు నుంచి బండి మీద రావడం చూసి ఆమెకు కోపమే వచ్చింది.

మొదటి వారం నేనే ఓడిపోయాను. మిషన్‌లో రోజూ ఎన్ని గంటలు వాడామో లెక్క ఉంటుంది. మొదటి రాత్రి 2 గంటల 10 నిమిషాలు. రెండో రాత్రి 1.40. నిద్రలోనే పీకి పారేస్తున్నాను, పొద్దున మాస్కు మంచం కింద ఉంటోంది. తప్పు మొదట కొన్న చోటే జరిగింది. అమ్మినవాళ్లు ముక్కు, నోరు మొత్తం కప్పే పెద్ద మాస్కు ఇచ్చి పంపారు, పెట్టి చూపించలేదు. 45 వేల మిషన్‌కు ఇచ్చిన శ్రద్ధలో పదో వంతు మాస్కుకు ఇవ్వలేదు. మిషన్లలో తేడా కొద్దిగానే, మాస్కులోనే ఉంది మహత్యమంతా. మాది మీసాల సీమ కదా, నా మీసం పక్క నుంచి గాలి ఈల వేస్తూ కళ్లలోకి కొట్టేది. మీసమా మిషనా అన్నంత వరకు వచ్చింది. చివరికి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కు మార్చాక రెండూ నిలిచాయి. అయితే నోరు తెరుచుకుని పడుకునేవాళ్లకు ఈ చిన్న మాస్కు పనికిరాదు, గాలంతా నోట్లోంచి పోతుంది. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దాని సంగతి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి.

టెక్నీషియన్ కుర్రాడు చెప్పిన చిట్కా ఒకటి బాగా పనికొచ్చింది. "రాత్రే పెట్టుకుంటే నీకు అది జైలన్నా. పగలు పేపరు చదువుకుంటా ఒక అరగంట పెట్టుకో." సాయంత్రం మాస్కు పెట్టుకుని ఈసీ కాగితాలు చూసుకునేవాణ్ణి. గాలికి ఎదురు ఊపిరి వదలడం ఒంటికి అలవాటు కావాలి, అది నిద్రలో నేర్చుకునే విద్య కాదు. ఒత్తిడి తక్కువతో మొదలై మెల్లగా పెరిగే ర్యాంప్ అనే సదుపాయం వాడుకున్నాను. గాలి మింగి పొట్ట ఉబ్బి తేన్పులు వచ్చేవి. డాక్టరమ్మ గరిష్ఠ ఒత్తిడి తగ్గించాక సర్దుకుంది. మూడో వారంలో ఒకరోజు మెలకువ వచ్చి టైము చూస్తే ఐదున్నర. రాత్రి ఒక్కసారే లేచాను. ఆ పొద్దున ఉగ్గాని తింటూ మా ఆవిడ మొహం చూస్తే కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏమైందంటే, "మీరు చప్పుడు చేయకపోతే నాకు నిద్ర పట్టలేదు. రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశా" అంది.

మన ఊళ్లకు సంబంధించిన తిప్పలు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండవు. మే నెలలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, ఊదే గాలికి ముక్కు లోపల బీటలు వారుతుంది. గాలిలో తేమ కలిపే నీళ్ల డబ్బా చలికాలం కంటే ఎండాకాలమే మనకు ఎక్కువ అవసరం. దాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు. మా బోరు నీళ్లకు స్టీలు బిందె లోపలే తెల్లపొర కడుతుంది, ఆ డబ్బా ఎంత! కాచిన నీళ్లు చాలవా అని అందరూ అడుగుతారు. కాస్తే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. మెడికల్ షాపులో అడగండి. బ్యాటరీ షాపు క్యాన్ల జోలికి వెళ్లకండి, అక్కడ యాసిడ్ కలిపినవీ పక్కనే ఉంటాయి. ఏసీ గదిలో మాత్రం తేమ ఎక్కువ పెడితే గొట్టంలోనే నీరు పట్టి గుడగుడమంటుంది, అప్పుడు తగ్గించుకోవాలి. ఫిల్టరు సంగతి చెప్పనక్కర్లేదు, మా వీధి దుమ్ముకు త్వరగానే నల్లబడుతుంది. మాస్కు ముఖానికి ఆనే భాగాన్ని రోజూ మామూలు సబ్బు నీళ్లతో కడగాలి. తలకు, మొహానికి కొబ్బరి నూనె రాసుకుని పెట్టుకుంటే జారిపోతుంది.

కరెంటు పోతే ఊపిరాడదేమో అన్న భయం అందరికీ ఉంటుంది, మా ఆవిడకు మరీ. మాస్కులో వదిలిన గాలి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. నోరు కూడా కప్పే పెద్ద మాస్కుల్లో మిషన్ ఆగగానే తెరుచుకునే వాల్వు ఉంటుంది. ముక్కు మాస్కయితే నోరు ఎలాగూ ఖాళీయే. పోయేది ప్రాణం కాదు, ఆ రాత్రి వైద్యం. నీళ్ల డబ్బా వేడి ఆపేస్తే మిషన్ లాగే కరెంటు సీలింగ్ ఫ్యాను కంటే తక్కువే, ఇంటి ఇన్వర్టర్ మోస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మా అన్న కొడుకు "బీమా ఉంది కదా బాబాయ్" అన్నాడు. పాలసీ కాగితం వెనక పేజీల్లో, కంపెనీ చెల్లించని వస్తువుల పట్టిక ఉంటుంది. సబ్బు, దువ్వెన వరసలోనే సీపాప్ కూడా. చాలా పాలసీల్లో ఇదే తంతు. సంతకం పెట్టేముందు వెనక పేజీలు చదవమని అందరికీ చెప్పే నేను, నా కాగితం చదువుకోలేదు.

ఇంత కష్టపడితే వచ్చేదేమిటి? ఇక్కడ అమ్మేవాళ్ల మాటకు, పరిశోధనకు మధ్య సందు ఉంది. 'ఇది పెట్టుకోకపోతే గుండెపోటే' అని భయపెట్టి అమ్ముతారు. 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో, అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మందిని పరీక్షిస్తే, సీపాప్ ఇచ్చిన వాళ్లలో కొత్త గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు తేలలేదు. అయితే వాళ్లు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. సగం రాత్రి గొడుగు వేసుకుని, తడిశానంటే గొడుగుదా తప్పు? అని ఒక వాదన. అది నిజమే కావచ్చు, కానీ నిరూపణ కాదు. గట్టిగా తేలినవి వేరే ఉన్నాయి. పగటి మత్తు తగ్గుతుంది, బీపీ కొద్దిగా దిగుతుంది, పక్కవాళ్లకు నిద్ర దక్కుతుంది. నాకైతే మూడు మాత్రలు రెండయ్యాయి, అదీ డాక్టరమ్మే చూసి తగ్గించింది. తూర్పు, పడమర సరిగ్గా కొడుతున్నాను. నాకు అది చాలు.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. బరువు పది శాతం తగ్గితే ఏహెచ్ఐ సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. మంచిదే, కానీ 38లో నాలుగో వంతు పోయినా నేను తీవ్రానికి అంచునే ఉంటాను. టిర్జెపటైడ్ అనే వారానికో ఇంజెక్షన్‌ను ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్లకు వాడొచ్చని అమెరికా 2024 డిసెంబరులో అనుమతించింది. మన దేశంలో అది 2025 మార్చిలో షుగరుకు, బరువుకు అమ్మకానికి వచ్చింది. ఖరీదైనది, డాక్టరు లేకుండా ముట్టుకునేది కాదు. దవడను ముందుకు లాగి పట్టే పళ్ల పరికరం తక్కువ, మధ్యస్థ స్థాయి వాళ్లకు ఉపయోగం. పిల్లల్లో గురకకు తరచూ టాన్సిల్స్ కారణం, తీసేస్తే చాలావరకు పోతుంది. పెద్దవాళ్ల గొంతు ఆపరేషన్ల ఫలితం ఒకరికున్నట్టు ఒకరికి ఉండదు. మద్యం, కొన్ని నిద్రమాత్రలు గొంతు కండరాన్ని ఇంకా వదులు చేస్తాయి. గురక పోగొట్టే చుక్కలు, ఉంగరాలు అమ్మేవాళ్లు కొండారెడ్డి బురుజు దగ్గర కూడా ఉన్నారు, ఫోన్లో ఇంకా ఎక్కువ ఉన్నారు. డబ్బు మీది.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఆ ఎయిమ్స్ లెక్కలోని ఇంకో ముక్క: మగవాళ్లలో 13 శాతం, ఆడవాళ్లలో 5. హార్మోన్లు ఆడవాళ్లకు కొంత కాపు కాస్తాయి, నెలసరి ఆగాక ఆ కాపు పోతుంది. అది నిజం. కానీ ఆ తేడా అంతా ఒంటిదేనా? నాకు సాక్షి చెప్పడానికి మా ఆవిడ ఉంది. ఆమె గురక వినడానికి నేను మేలుకుని ఉన్నానా? పైగా ఆడవాళ్లలో ఇది గురకలాగే బయటపడాలని లేదు. నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే తలనొప్పి, ఒళ్లంతా నీరసం, ఇలా వస్తుంది. డాక్టరు దాకా వెళితే టెన్షన్ అని రాసి పంపుతారు.

మా అక్క ఆదోనిలో ఉంటుంది. 56 ఏళ్లు. తెల్లారి నాలుగింటికే మెలకువ, తలపోటు, ఏడాదిగా నిద్రమాత్ర. నా మిషన్ చూడ్డానికి వచ్చినప్పుడు ఎనిమిది ప్రశ్నలూ అడిగాను. "నేనేం గుర్రు పెట్టనురా" అంది. బావను అడిగితే, "మీ అక్కా? నేనెప్పుడూ వినలేదే బావా" అన్నాడు. ఆయన పక్కన పిడుగు పడినా లేవడు. సంక్రాంతికి వాళ్లమ్మాయి బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు, అమ్మ పక్కన పడుకుని ఫోన్లో రికార్డు చేయమన్నాను. రెండు నిమిషాల ముక్క పంపింది. మొదట సన్నగా, ఈల లాంటి గురక. తర్వాత ఏమీ లేదు, గోడ గడియారం మాత్రం వినిపిస్తోంది. నేను టిక్కులు లెక్కపెట్టాను. ముప్పై ఒకటో టిక్కు మీద అక్క ఊపిరి అందుకుంది.

అక్క దాన్ని ఇంకా వినలేదు. వినదట, సిగ్గట. బావ మాత్రం రెండుసార్లు విని, సోమవారం టెస్టుకు తానే టైము తీసుకున్నాడు.